కింద చిక్కు పడితే పైన చూడాలి

బొంతను ఫ్రేము మీంచి విప్పి తిరగేసేదాకా నాకేమీ తెలియలేదు. పై వైపు కుట్టు ముత్యాల్లా వరసగా ఉంది, తీగలు, ఆకులు అనుకున్నట్టే వచ్చాయి. తిరగేసి చూస్తే అడుగున మూడు చోట్ల దారం గూళ్లు కట్టి ఉంది. ఒక్కొక్కటి రూపాయి బిళ్లంత, వేలితో తడిమితే గట్టిగా ఉండల్లా తగులుతున్నాయి. ఇచ్ఛాపురంలో మా పిన్ని కూతురు పురిటికి పుట్టింటికి వస్తే, పుట్టబోయే బిడ్డ కోసం మా అత్తయ్య దాచిన పాత నూలు చీరలతో కుట్టిన బొంత అది. చంటిబిడ్డ ఒంటి కింద పరిచే గుడ్డలో అలాంటి ఉండలుంటే ఎలా? ఆ సాయంత్రం కూర్చుంటే రాత్రి పదకొండైంది, చిన్న కత్తితో ఒక్కొక్క పోగూ కోసి తీశాను. రెండు చోట్ల చీర చిరిగింది. ఆ చీరలు మళ్లీ దొరికేవి కావు.

ఇది మూడేళ్ల కిందటి మాట. అప్పటి నుంచి ఈ చిక్కుల సంగతి తేల్చుకోవాలని పట్టుబట్టాను. ఫ్రేము మీద బిగించిన బొంతలు కుట్టే లాంగ్‌ఆర్మ్ మెషిన్ కొత్తగా కొన్నవాళ్లకి, కొనాలనుకుంటున్నవాళ్లకి పనికొస్తుందని నేను నేర్చుకున్నదంతా రాస్తున్నాను.

మాది బరంపురం. ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా, బజారులో రెండూ. పుట్టింటివాళ్లు పట్టు నేసేవాళ్లు, తాతగారి కాలం దాకా ఇంట్లో మగ్గం ఆడింది. అత్తింట్లో అత్తయ్య చేత్తో బొంతలు కుట్టేవారు, ఒక్కో బొంతకి రెండు మూడు నెలలు పట్టేది. ఆవిడకి కళ్లు సరిగా ఆనకపోవడం మొదలయ్యాక నేను ఈ మెషిన్ కొన్నాను. సెకండ్ హ్యాండ్‌ది, లోపల గుడ్డ పట్టే చోటు 18 అంగుళాలు, ఫ్రేము 10 అడుగులు. మామూలు కుట్టు మిషన్లో మనం గుడ్డని జరుపుతాం, మిషన్ కదలదు. ఇందులో గుడ్డ రోలర్ల మీద బిగించి ఉంటుంది, మెషినే పట్టాల మీద ముందుకీ వెనక్కీ, పక్కలకీ నడుస్తుంది, రెండు పిడులూ పట్టుకుని మనం దాన్ని నడిపిస్తాం. ఇబ్బందంతా ఇక్కడే ఉంది. అడుగు భాగం మనకి కనపడదు. కుట్టిన మేర రోలర్‌కి చుట్టుకుపోతూ ఉంటుంది, కాబట్టి కింద గూడు కట్టినా బొంత పూర్తయ్యేదాకా తెలియదు.

ముందుగా ఒక్క విషయం బుర్రలోకి ఎక్కించుకోవాలి. అది ఎక్కాక మిగతావన్నీ వాటంతటవే అర్థమవుతాయి. సూది కిందికి దిగి కాస్త పైకి లేచేటప్పుడు దాని వెనక ఉన్న గుంట దగ్గర పై దారం చిన్న ఉచ్చులా విచ్చుకుంటుంది. కింద గుండ్రంగా తిరిగే హుక్ తన మొనతో ఆ ఉచ్చును అందుకుని, బాబిన్ కేసు (కింది దారం చుట్టిన చిన్న కండె అయిన బాబిన్‌ని పట్టుకునే డిప్ప) చుట్టూ తిప్పి తెస్తుంది. 1851లో అలెన్ విల్సన్ అనే అమెరికన్ ఇలా తిరిగే హుక్‌కి పేటెంటు తీసుకున్నాడు, ఇప్పటికీ అదే పద్ధతి. ఒక్క కుట్టుకి హుక్ రెండు చుట్లు తిరుగుతుంది. అంటే ప్రతి కుట్టుకీ పై దారం కొంచెం కిందికి వెళ్లి, బాబిన్ మొత్తాన్ని చుట్టి, మళ్లీ పైకి రావాలి. దాన్ని పైకి లాగేది ముందువైపు పైకీ కిందికీ ఆడే లివరు. ఇప్పుడు చూడండి, ఆ లివరు పైకి లేచినప్పుడు ఎటు తేలిగ్గా వస్తే అటు నుంచి దారం లాగుతుంది. పైన దారానికి బిగువు ఇచ్చే టెన్షన్ బిళ్లలు దాన్ని గట్టిగా పట్టుకుని ఉంటే కింద మిగిలిన దారం పైకి వస్తుంది. బిళ్లల మధ్య దారం సరిగ్గా కూర్చోకపోతే లివరు పై దారం చుట్టి ఉన్న కోను నుంచి కొత్త దారం లాగేసుకుంటుంది, కిందకి వెళ్లిన ఉచ్చు కిందే ఉండిపోతుంది. ఆ తర్వాత కుట్టుకి ఇంకో ఉచ్చు. అలా పది కుట్లు పడేసరికి గూడు తయారు.

అందుకే అడుగున చిక్కు కనపడగానే బాబిన్ టెన్షన్ తిప్పడం మొదలుపెట్టకండి. నేను అదే చేశాను, రెండు వారాలు ఆ స్క్రూతోనే కుస్తీ పట్టాను, బాగుపడకపోగా బాగున్న బాబిన్ కేసును కూడా పాడుచేసుకున్నాను. కింద గూడు కట్టిందంటే నూటికి తొంభైసార్లు తప్పు పైనే, పై దారం దారిలో ఎక్కడో వదులు ఉంది. ఆ వదులు ఎక్కడుందో వెతకడమే పని.

చేత్తో కుట్టేటప్పుడు అత్తయ్య నాతో అనేవారు, "దారం బారెడు కంటే ఎక్కువ తియ్యకే అమ్మా, పొడుగైతే చిక్కు పడిపోద్ది" అని. మెషిన్‌లో దారం వేల గజాలు ఉంటుంది గానీ ఆ మాట దీనికీ వర్తిస్తుంది. కోను నుంచి సూది దాకా దారం ఏ చోటా వదులుగా వేలాడకూడదు, బిగుతుగా నిలవాలి.

కోను దగ్గర మొదలుపెడతాను. కోను నిలబెట్టిన స్టాండుకి పైన ఒక కొక్కెం ఉంటుంది, కోను మొన సరిగ్గా దాని కిందికి రావాలి. పక్కకి ఒరిగితే ప్రతి చుట్టుకీ దారం కోను అంచుకి రాసుకుంటుంది, ఒకసారి బిగుసుకుని ఒకసారి వదులవుతుంది. పాలిస్టర్ దారం మరీ జారుడు సరుకు, చుట్లు చుట్లుగా జారి కోను అడుగుకి దిగిపోయి స్టాండు కడ్డీకి మెలిపడుతుంది. దానికి వల తొడగాలి. దానిమ్మ పళ్లకీ ఆపిల్ పళ్లకీ తొడిగి వచ్చే తెల్లటి నురగ వల ఉంటుంది కదా, నేను అదే కోనుకి తొడుగుతాను, భేషుగ్గా పనిచేస్తుంది. పైన దారం వచ్చే చోట మాత్రం బిగించకుండా వదిలేయాలి.

సీలింగ్ ఫ్యాను సంగతి ఎవరూ చెప్పలేదు నాకు. మా ఊళ్లో ఏప్రిల్ వచ్చిందంటే ఫ్యాను లేకుండా నిలబడి పని చెయ్యలేం. ఫ్యాను గాలికి కోనుకీ కొక్కేనికీ మధ్య దారం ఊగిపోయి స్టాండు కడ్డీకి చుట్టుకోవడం నా కళ్లారా చూశాను, మెషిన్ ఆపిన ప్రతిసారీ ఒక చుట్టు. మళ్లీ మొదలుపెట్టగానే దారం పటుక్కున తెగేది, తెగనప్పుడు కిందకి గూడు. ఇప్పుడు ఫ్యాను నా వెనక్కి మార్చుకున్నాను, గాలి నా వీపుకే తగులుతుంది, కోనుకి తగలదు.

అక్కణ్ణించి దారం మూడు బెజ్జాల పలకలోంచి వస్తుంది, నా మెషిన్‌లో. ఎక్కించేటప్పుడు మూడింటిలోంచీ ఒకే వరసలో పోనివ్వాలి, ఒకటి అటూ ఒకటి ఇటూ అయితే దారం మీద దారం పడి మెలి తిరుగుతుంది. బలం లేని నూలు దారమైతే రెండు బెజ్జాలు చాలు. తర్వాత టెన్షన్ బిళ్లలు, అసలు ప్రమాదమంతా అక్కడే. దారాన్ని బిళ్లల మీదుగా పోనిస్తే చాలదు, రెండు చేతులతో దారాన్ని అటూ ఇటూ పట్టుకుని, పళ్ల సందులో ఇరుక్కున్నది తీసినట్టు, బిళ్లల లోతులోకి లాగాలి. లోపల కూర్చోగానే వేళ్లకి తెలుస్తుంది, లాగితే కొంచెం అడ్డుకుంటుంది. అలా అడ్డుకోలేదంటే ఇంకా బయటే ఉందని లెక్క. బిళ్లల మధ్య పీచు పేరుకుంటే కూడా అవి దగ్గరగా మూసుకోవు. పలచటి నూలు గుడ్డ పేలికను మధ్యలోంచి లాగితే ఆ పీచంతా వచ్చేస్తుంది. మొదటిసారి లాగినప్పుడు నాకు ఎర్రటి పీచు ఉండ ఒకటి వచ్చింది, దసరాకి కుట్టిన ఎర్ర బొంతది, అప్పటికి సంక్రాంతి దాటింది.

బిళ్లల పక్కనే సన్నటి తీగ స్ప్రింగు ఉంటుంది. సూది దిగేటప్పుడు దారం వదులైపోకుండా పట్టుకునేది అదే. దారం తెగి మళ్లీ ఎక్కించినప్పుడు చాలామంది, నేనూ, దాన్ని మరిచిపోతుంటాం. దారం ఆ తీగ కొక్కెంలో ఉందా లేదా అని ప్రతిసారీ కంటితో చూసుకోవాలి, చేత్తో దారం లాగితే ఆ తీగ కిందికి వంగి మళ్లీ పైకి లేవాలి.

ఇక మొదలుపెట్టేటప్పుడు జరిగే తప్పు. గూళ్లలో చాలామటుకు మొదటి అయిదారు కుట్లలోనే కడతాయి, ఎందుకంటే కింది దారం కొస గుడ్డ కింద ఎక్కడో వేలాడుతూ ఉంటుంది, మెషిన్ కదలగానే అది హుక్ దగ్గరకి చేరి చుట్టుకుంటుంది. నేనిప్పుడు ఇలా చేస్తున్నాను. కుట్టు మొదలుపెట్టాల్సిన చోట సూదిని ఒక్కసారి దించి లేపి, పై దారం కొస ఎడమ చేత్తో పట్టుకుని మెషిన్ని కొంచెం పక్కకి జరిపితే కింది దారం చిన్న ఉచ్చులా గుడ్డ పైకి తొంగి చూస్తుంది. దాన్ని లాగి పైకి తెచ్చి, రెండు కొసలూ కలిపి వేలికి చుట్టుకుని, సూదిని మళ్లీ అదే చోట దించి, మూడు నాలుగు బుల్లి కుట్లు వేశాకే కొసలు వదులుతాను. కొసలు పట్టుకోకుండా మొదలుపెట్టడం అంటే తలుపు గడియ వెయ్యకుండా ఊరెళ్లడం. ఆపేటప్పుడు కూడా లివరు పైన ఉండగానే, సూది గుడ్డలోంచి బయటకి వచ్చాకే మెషిన్ పక్కకి జరపాలి. లివరు సగంలో ఉన్నప్పుడు జరిపితే ఆ వదులంతా తర్వాతి కుట్టు దగ్గర కిందకి పోతుంది.

బాబిన్ గురించి మా పుట్టింటి మగ్గం దగ్గర నేర్చుకున్నదే పనికొచ్చింది. చిన్నప్పుడు తాతగారికి కండెలు చుట్టేదాన్ని, అడ్డంగా నేసే పేక దారానికి. వదులుగా చుట్టిన కండె నాడెలో (పేక దారాన్ని అటూ ఇటూ తీసుకెళ్లేది) పడిందంటే చుట్టు మీద చుట్టు జారి దారం కుప్పగా ఊడి వస్తుంది, నేత ఆగిపోతుంది. ఆయన కండె చేతిలోకి తీసుకుని బొటనవేలితో నొక్కి చూసేవారు. మెత్తగా ఉంటే తిట్టేవారు కాదు, తిరిగి ఇచ్చేసేవారు, మళ్లీ చుట్టమని. బాబిన్‌కీ అదే పరీక్ష. నిండాక గోరుతో నొక్కితే దిగబడకూడదు, అలాగని అంచు పైకి ఉబ్బకూడదు. మరీ బిగించి చుట్టినా బాగోదు, పాలిస్టర్ దారం సాగిపోయి, కుట్టులోకి వెళ్లాక ముడుచుకుంటుంది.

నా మెషిన్‌లో పడేది ఎమ్ సైజు బాబిన్, ఎల్ సైజు కంటే పెద్దది, దారం ఎక్కువ పడుతుంది, బరువూ ఎక్కువే. పరుగున వెళ్తున్న మెషిన్ని ఠక్కున ఆపితే లోపల బాబిన్ వెంటనే ఆగదు, ఊపుకి ఇంకో చుట్టు తిరిగి దారం వదులుగా వదిలేస్తుంది. దాన్ని ఆపడానికే కేసు లోపల పలచటి స్ప్రింగు రేకు పెడతారు. నేను కొన్న మెషిన్‌లో ఆ రేకు లేనే లేదు, ముందు వాడినవాళ్లు తీసేసి ఉంటారు. ఆ రేకు తెప్పించి పెట్టాక మలుపుల దగ్గర పడే చిక్కులు దాదాపు పోయాయి. సెకండ్ హ్యాండ్ కొనేవాళ్లు కేసు తెరిచి ఇది ఉందో లేదో తప్పకుండా చూసుకోండి.

కేసు టెన్షన్ చూడ్డానికి బాబిన్ పెట్టిన కేసును దారంతో పట్టుకుని వేలాడదీస్తాను. బావిలోకి చేద దించినట్టు మెల్లగా కొంచెం కొంచెం దిగాలి. ధడాలున జారితే వదులు, అసలు దిగకపోతే బిగువు. స్క్రూ తిప్పేటప్పుడు గడియారంలో ముల్లు అయిదు నిమిషాలు జరిగినంతే తిప్పాలి, మళ్లీ వేలాడదీసి చూడాలి. కేసులో బాబిన్ ఎటు తిరగాలో మెషిన్ పుస్తకంలో ఉంటుంది, నాదైతే దారం లాగినప్పుడు గడియారం ముల్లు తిరిగే వైపే తిరగాలి. తిరగేసి పెడితే టెన్షన్ ఎంత సరిచేసినా లాభం లేదు.

మా ఊరికి సముద్రం దగ్గర, గోపాల్‌పూర్ నుంచి వచ్చే గాలిలో తేమా ఉప్పూ రెండూ ఉంటాయి. వానాకాలంలో రెండు రోజులు మెషిన్ ముట్టుకోకపోతే సూది మీద సన్నటి తుప్పు చుక్కలు వస్తాయి. ఆ చుక్క హుక్ మొన మీద వచ్చిందంటే దారం దానికి తగిలి పీచు లేచి, పీచు పోగై, చివరికి లోపల ఇరుక్కుంటుంది. అందుకే బాబిన్ మార్చిన ప్రతిసారీ మెత్తటి బ్రష్‌తో హుక్ చుట్టూ పీచు తుడిచి, మెషిన్ ఆయిల్ ఒక్క చుక్క, ఒక్కటే, హుక్ తిరిగే గాడిలో వేస్తాను. నోటితో ఊదకండి, ఉమ్మి తడి తగిలితే మళ్లీ తుప్పే. పాత చీరలతో కుట్టేవాళ్లకి ఇంకో మాట. పాత నూలు చాలా పీచు రాలుస్తుంది, గంజి పెట్టిన చీరలైతే తెల్లటి పొడి కూడా. బొంతకి వాడే చీరలు ముందు గంజి పోయేలా ఉతికి ఆరేసుకోవాలి. జరీ అంచులు కత్తిరించి పక్కన పెట్టుకోవాలి.

సూది విషయం తొందరగా చెప్పేస్తాను. రెండు పొరల బొంతకి 16 నంబరు, నాలుగైదు పొరల చీరలకి 18. గుంట ఉన్న వైపు వెనక్కి, దారం ముందు నుంచి వెనక్కి. వంగిన సూది, మొన మొద్దుబారిన సూది వెంటనే మార్చాలి, ఒక్కో పెద్ద బొంతకి ఒక కొత్త సూది అని నేను లెక్క పెట్టుకున్నాను. గుడ్డ ఫ్రేము మీద డోలులా బిగించొద్దు. కింద నుంచి వేలు పెట్టి పైకి నొక్కి, పై నుంచి ఇంకో చేత్తో ఆ వేలి కణుపును గుడ్డతో సహా పట్టుకోగలిగితే బిగువు సరిగ్గా ఉన్నట్టు. మరీ బిగిస్తే సూది వంగుతుంది, మరీ వదిలేస్తే గుడ్డ సూదితో పాటు పైకి లేచి ఉచ్చు సరిగ్గా విచ్చుకోదు.

కరెంటు గురించి చెప్పకపోతే ఇది పూర్తి కాదు. అక్టోబరులో తుఫాను గాలులప్పుడు కరెంటు వస్తూ పోతూ ఉంటుంది. కుట్టు మధ్యలో పోయిందంటే సూది గుడ్డలో, ఉచ్చు హుక్ మీద సగంలో ఆగిపోతాయి. నేను అలాగే వదిలేసి వంటింట్లోకి వెళ్లాను ఒకసారి. కరెంటు రాగానే మెషిన్ ఒక్క కుదుపు కుదిపి బిగుసుకుపోయింది. చక్రం చేత్తో తిప్పితే కదల్లేదు. కోపమొచ్చి రెండు చేతులతో బలంగా తిప్పాను, లోపల టక్కుమంది. చక్రం తిరిగింది గానీ ఆ తర్వాత ఒక్క కుట్టూ పడలేదు. హుక్ టైమింగ్ జరిగిపోయింది, సూది పైకి లేచే సమయానికి హుక్ మొన అక్కడ ఉండడం లేదు.

మా వీధి చివర మిషన్లు బాగుచేసే ఆయన్ని అందరం భాయినా అంటాం, ఒడియా ఆయనే గానీ తెలుగు మనలాగే మాట్లాడతారు. లాంగ్‌ఆర్మ్ ఎప్పుడూ చూడలేదట, కానీ హుక్ చూడగానే ఆయనకి అర్థమైంది. స్విచ్ తీసి ప్లగ్ కూడా పీకేశారు. సూది పలక విప్పి, బాబిన్ కేసు తీసి, హుక్ చుట్టూ నాలుగు చుక్కలు ఆయిల్ వేసి అయిదు నిమిషాలు ఊరుకున్నారు. తర్వాత చక్రాన్ని ముందుకి బియ్యపు గింజంత, వెనక్కి బియ్యపు గింజంత, అలా ఊపుతూ కూర్చున్నారు. నాకు చిరాకేసింది ఆ నెమ్మదికి. కాసేపటికి హుక్ వెనక నుంచి నల్లటి దారం కొస ఒకటి బయటపడింది, దాన్ని పట్టకారుతో పట్టుకుని, ఊపుతూ లాగుతూ, మొత్తం జానెడు పొడుగు దారం తీశారు. ఆ వెనకే పాత తెల్ల దారం ముక్కలు మూడు వచ్చాయి, నేను కుట్టినవి కావు అవి, నా దగ్గర ఆ దారం ఎప్పుడూ లేదు. "బలం పెట్టకుండా ఉంటే నేను రానక్కర్లేదమ్మా" అన్నారు. టైమింగ్ సరిచెయ్యడానికి ఇంకో రెండు గంటలు పట్టింది.

ఇప్పుడు బిగుసుకుంటే నేనూ అలాగే చేస్తాను. ప్లగ్ తీయడం, గుడ్డకీ సూది పలకకీ మధ్య కత్తెర మొన పెట్టి ఉన్న దారాలన్నీ కోసి ముందు బొంతను విడిపించడం, తర్వాతే లోపలి పని. ఆయిల్ చుక్క, అయిదు నిమిషాలు, ఆ తర్వాత చిన్న చిన్న ఊపులు. దారం బయటకి వచ్చాక టార్చి వేసి హుక్ వెనక ఇంకా ముక్కలున్నాయేమో చూస్తాను, చక్రాన్ని చేత్తో నాలుగైదు చుట్లు తిప్పుతాను, ఎక్కడా గట్టిగా తగలకపోతేనే ప్లగ్ పెడతాను. కరెంటు పోతే మాత్రం ముందు స్విచ్ ఆఫ్, చక్రం తిప్పి సూది పైకి, కొసలు కోసెయ్యడం. కరెంటు వచ్చాక కొత్తగా మొదలుపెట్టినట్టే రెండు దారాలూ పైకి తెచ్చి పట్టుకుని మొదలు.

బొంత పక్కన అడుగు గుడ్డను జానెడు ఎక్కువ వదులుతాను. బాబిన్ మార్చినా, కోను మార్చినా, దారం తెగి మళ్లీ ఎక్కించినా ముందు అక్కడ ఒక అరడజను సున్నాలు చుట్టి, ఫోను టార్చి వేసి చిన్న అద్దం కింద పెట్టి అడుగు చూస్తాను. కింద పై దారం చుక్కలు చుక్కలుగా కనిపిస్తే పై టెన్షన్ కొంచెం పెంచాలి, దారం గీతలా పరుచుకుని ఉంటే బిళ్లల్లో కూర్చోలేదన్నమాట, మళ్లీ మొదటి నుంచి ఎక్కించాలి. బాగుందనుకున్నాక బొంత మీదకి వెళ్లి, మొదటి బెత్తెడు కుట్టగానే ఆపి, ఎడమ చెయ్యి కిందకి పోనిచ్చి అరచేత్తో ఒకసారి తడుముతాను. నున్నగా తగిలితే ముందుకి వెళ్తాను.